మీ అత్తమ్మకు పడిన వ్యాయామం మీకెందుకు పడటం లేదు

ప్రశ్న: నా వయసు 39. కరీంనగర్ దగ్గర ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సాంఘిక శాస్త్రం చెబుతాను. గత సెప్టెంబరులో కోవిడ్ వచ్చింది. ఆసుపత్రిలో చేరవలసిన అవసరం రాలేదు, వారంలో జ్వరం తగ్గింది. ఏడు నెలలు దాటినా నీరసం మాత్రం వదల్లేదు. నిలబడి రెండు పీరియడ్లు చెబితే గుండె దడ, కళ్ళు తిరగడం మొదలవుతాయి. రక్తపరీక్షలు, ఎక్స్‌రే, ఈసీజీ బాగానే ఉన్నాయని, ఒంట్లో బలం తగ్గిందని చెప్పి డాక్టరు ఫిజియోథెరపీకి పంపారు. అక్కడ ట్రెడ్‌మిల్ మీద పది నిమిషాలతో మొదలుపెట్టించి వారం వారం పెంచుతున్నారు. చేసిన రోజు బాగానే ఉంటుంది, మరుసటి రోజో ఆ పైరోజో మంచం దిగలేకపోతున్నాను. మానితే ఇంకా బలహీనపడతారని థెరపిస్టు అంటున్నారు. చికున్‌గున్యా తర్వాత నాలుగు నెలలు మోకాళ్ళు, మణికట్లు పట్టేసిన మా అత్తమ్మ (64) అదే థెరపిస్టు దగ్గర వ్యాయామాలు చేసి కోలుకున్నారు. "ఆ వయసులో ఆమె చేసింది, నువ్వు చేయలేవా" అని ఇంట్లో అంటున్నారు. నేను ఫిజియోథెరపీ కొనసాగించాలా, మానేయాలా? జూన్‌లో బడి తెరిచేసరికి మామూలుగా పని చేయగలనా? 
— ఒక పాఠకురాలు, కరీంనగర్ జిల్లా

సమాధానం: మీ మొదటి ప్రశ్నకు ముందే సూటిగా జవాబు చెబుతాను. ట్రెడ్‌మిల్ నడకను ఇప్పటికి ఆపండి, ఫిజియోథెరపీని మాత్రం మానకండి. ఈ రెండు మాటలకూ పొత్తు కుదరడం లేదనిపిస్తే, అందుకు కారణం ఫిజియోథెరపీ అంటే కరెంటు పెట్టించుకోవడం, లేదంటే రోజురోజుకూ వ్యాయామం పెంచుకుంటూ పోవడం అన్న అభిప్రాయం మన దగ్గర స్థిరపడిపోవడమే. ఒళ్ళు ఎంత పనిని తట్టుకోగలదో కొలవడం, ఆ కొలత దాటకుండా రోజంతా ఎలా గడపాలో నేర్పడం, కొలత పెరిగిందని రుజువైనప్పుడే పనిని పెంచడం కూడా ఫిజియోథెరపిస్టు చేయవలసిన పనులే. మీకు ప్రస్తుతం కావలసింది ఆ ఫిజియోథెరపీ.

"చేసిన రోజు బాగానే ఉంటుంది" అని మీరు రాసిన మాట మీ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన సమాచారం. శ్రమ చేస్తున్నప్పుడు కాకుండా, చేసిన పన్నెండు గంటల నుంచి రెండు మూడు రోజుల లోపల ఎప్పుడో ఒకప్పుడు నీరసం, ఒళ్ళునొప్పులు, తలపోటు, గొంతునొప్పి, జ్వరం తగిలినట్టుండటం, చెప్పదలచిన మాట నోటికి అందకపోవడం, ఎంతసేపు నిద్రపోయినా సేదతీరకపోవడం వంటివి ఒక్కసారిగా మీద పడటాన్ని వైద్యులు పోస్ట్ ఎక్సర్షనల్ మలైజ్ అంటారు. ఆసుపత్రి కాగితాల మీద అది పీఈఎం అన్న పొడి అక్షరాల్లో కనిపిస్తుంది. కోవిడ్ తర్వాత లక్షణాలు నెలల తరబడి వదలని వారిలో, అంటే లాంగ్ కోవిడ్ ఉన్నవారిలో, చాలామందికి ఇది ఉంటుంది. అందరికీ ఉండదు. మిమ్మల్ని చూడకుండా, ఉత్తరం చదివి నేను రోగనిర్ధారణ చేయలేను గానీ, మీరు చెప్పిన క్రమం దానికి బాగా సరిపోతోంది కాబట్టి అది లేదని తేలేవరకూ ఉన్నట్టుగానే భావించి నడుచుకోవడం క్షేమం.

చాలాకాలం తర్వాత వ్యాయామం చేసినవారెవరికైనా ఒకటి రెండు రోజుల తర్వాత కండరాలు నొప్పి పెడతాయి గదా, ఇది కూడా అంతే కాదా అని మీ ఇంట్లోవాళ్ళు అడగవచ్చు. ఆ నొప్పి పని చేసిన కండరాల్లోనే ఉంటుంది. నడిస్తే పిక్కల్లోనూ తొడల్లోనూ తెలుస్తుంది, తర్వాతిసారి అదే పని చేస్తే తక్కువ తెలుస్తుంది. పీఈఎంలో పని చేసింది కాళ్ళే అయినా పడిపోయేది మనిషి మొత్తం. నడకతో సంబంధం లేని గొంతు, నిద్ర, జ్ఞాపకశక్తి కూడా దెబ్బతింటాయి, అదే పని మళ్ళీ చేస్తే కోలుకోవడానికి పట్టే కాలం తగ్గకపోగా పెరుగుతూ పోతుంది. దీనికి ఒంటి శ్రమే అవసరం లేదు. ఒక మధ్యాహ్నమంతా కూర్చుని జవాబుపత్రాలు దిద్దినా, ఇంట్లో గట్టిగా మాటలు జరిగినా, పెళ్ళికి వెళ్ళి నాలుగు గంటలు అందరితో మాట్లాడి వచ్చినా ఇదే జరగవచ్చు. ట్రెడ్‌మిల్ ఎక్కని వారాల్లో కూడా మీరు మంచం పట్టి ఉంటే దాని ముందురోజుల్లో ఏం చేశారో ఒకసారి గుర్తుచేసుకోండి.

మీ థెరపిస్టును నేను తప్పుపట్టడం లేదు. ఆయన కళ్ళతో చూస్తే, మీరు వచ్చారు, పన్నెండు నిమిషాలు నడిచారు, నవ్వుతూ వెళ్ళారు, మూడు రోజుల తర్వాత కాస్త తేరుకుని మళ్ళీ వచ్చారు. మంచం పట్టిన ఆ రెండు రోజులూ ఆయన లెక్కలోకి రాలేదు. మా వృత్తిలో దశాబ్దాలుగా నేర్పిన సూత్రం కూడా ఆయన వైపే ఉంది. ఎక్కువకాలం పడుకుని ఉన్నవారి గుండె, ఊపిరితిత్తులు, కండరాలు సామర్థ్యం కోల్పోతాయి, కొంచెం కొంచెంగా శ్రమ పెంచితే ఆ సామర్థ్యం తిరిగి వస్తుంది. ఇది అబద్ధం కాదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో కోవిడ్‌తో ఆసుపత్రిలో చేరి, ఇంటికి వచ్చి మూడు నెలలైనా పూర్తిగా కోలుకోని 585 మందితో జరిపిన రీగెయిన్ అనే పరీక్ష ఫలితాలు 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. ఎనిమిది వారాలపాటు ఆన్‌లైన్‌లో పర్యవేక్షణతో వ్యాయామం, మానసిక మద్దతు అందుకున్నవారి జీవన నాణ్యత సాధారణ సలహా మాత్రమే పొందినవారి కంటే మెరుగుపడింది. మెరుగుదల గొప్పది కాకపోయినా ఏడాది తర్వాత కూడా నిలిచింది. అందువల్ల లాంగ్ కోవిడ్‌కు వ్యాయామమే విషమని ప్రచారం చేయడం కూడా నాకు సమ్మతం కాదు. ఆసుపత్రి మంచం మీద కండ కరిగిపోయిన మనిషికీ, వారం రోజుల జ్వరంతో ఇంట్లోనే తగ్గి ఆ తర్వాత శ్రమ చేసిన ప్రతిసారీ కూలబడే మనిషికీ ఒకే మందు రాయడం దగ్గరే చిక్కంతా ఉంది.

రెండో రకం మనుషుల కండరాల్లో ఏం జరుగుతుందో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు కొంతవరకు చూపించారు. పీఈఎంతో బాధపడుతున్న 25 మంది లాంగ్ కోవిడ్ రోగుల చేతా, కోవిడ్ వచ్చి పూర్తిగా తగ్గిన 21 మంది చేతా సైకిల్ పరీక్ష చేయించి, దానికి ముందూ, మరుసటి రోజూ తొడ కండరం నుంచి చిన్న ముక్క తీసి పోల్చారు. 2024 జనవరిలో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన వివరాల ప్రకారం, రోగుల కండరాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పనితీరు శ్రమ తర్వాత మరింత తగ్గింది, కండరపు పోగులు దెబ్బతిన్న గుర్తులు ఎక్కువగా కనిపించాయి. రోగులు తక్కువ సంఖ్యలో ఉన్న అధ్యయనమే అయినా, ఇది బద్ధకమనో, మనసులోని భయమనో కొట్టిపారేయడానికి వీల్లేదని అది తేల్చింది. ఊట తక్కువగా ఉన్న బావికి పెద్ద మోటారు బిగిస్తే నీళ్ళు పెరగవు, బావి ఎండిపోయి మళ్ళీ ఊరడానికి ఇంకా ఎక్కువ సమయం పడుతుంది. ట్రెడ్‌మిల్ మీ విషయంలో చేస్తున్న పని అదే.

వైరల్ జ్వరాల తర్వాత మిగిలే దీర్ఘకాల నీరసం కోవిడ్‌తోనే పుట్టిన సమస్య కాదు. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ, ఎంఈ/సీఎఫ్ఎస్ అనే దీర్ఘకాల నీరస వ్యాధికి 2007లో వారం వారం వ్యాయామం పెంచే పద్ధతిని సిఫార్సు చేసింది. దానివల్ల పరిస్థితి దిగజారిందని రోగులు ఏళ్ళ తరబడి మొత్తుకున్న తర్వాత, 2021 అక్టోబరులో కొత్త మార్గదర్శకం తెచ్చి ఆ పద్ధతిని వాడవద్దని చెప్పింది. అదే ఏడాది జూన్‌లో ప్రపంచ ఫిజియోథెరపీ సమాఖ్య లాంగ్ కోవిడ్ రోగులకు సురక్షితంగా ఎలా చికిత్స చేయాలో వివరిస్తూ ఒక పత్రం ప్రచురించింది. వ్యాయామం మొదలుపెట్టే ముందు ప్రతి రోగిలోనూ నాలుగు విషయాలు చూడాలన్నది దాని సారం. శ్రమ తర్వాత లక్షణాలు ముదురుతున్నాయా, గుండెకు దెబ్బ తగిలిందా, శ్రమలో రక్తంలోని ఆక్సిజన్ పడిపోతోందా, నిలబడినప్పుడు గుండె వేగం గానీ రక్తపోటు గానీ అదుపు తప్పుతోందా అన్నవి ఆ నాలుగు. ఈ పత్రాన్ని మీ థెరపిస్టుకు చూపించండి. ఆయన వృత్తి సమాఖ్య చెప్పిన మాట కాబట్టి నా ఉత్తరం కంటే దానికి బరువు ఎక్కువ.

ఇక మీ అత్తమ్మ విషయానికి వస్తే, ఆమెకు అదే థెరపిస్టు దగ్గర నయం కావడంలో వింత లేదు. చికున్‌గున్యా వైరస్ దాడి చేసేది ప్రధానంగా కీళ్ళ మీద. మన ప్రాంతానికి అది పాతదే, 2005-06లో ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో ఇంటికొకరు చొప్పున కుంటుతూ తిరిగిన రోజులు చాలామందికి ఇంకా గుర్తుండే ఉంటాయి. జ్వరం తగ్గాక కీళ్ళలో వాపు, బిగుతు మిగులుతాయి. నొప్పికి భయపడి మనిషి కదలడం మానితే మోకాలి పైనున్న తొడ కండరం సన్నబడుతుంది, కండరం సన్నబడితే మోకాలి మీద భారం పెరిగి నొప్పి ఇంకా ఎక్కువవుతుంది. ఆ చక్రాన్ని తెంపే మందు కదలికే. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి నొక్కి పట్టడం, గోరువెచ్చని నీళ్ళలో వేళ్ళు ముడిచి తెరవడం, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, రబ్బరు పట్టీ లాగడం వంటివి క్రమంగా పెంచితే చాలామందిలో నొప్పి తగ్గుతుంది. బ్రెజిల్‌లో చికున్‌గున్యా రోగుల మీద జరిగిన చిన్న పరీక్షల్లో పైలేట్స్, బరువులతో కూడిన వ్యాయామాలు మేలు చేశాయి. ఆమె విషయంలో ఒకే ఒక్క జాగ్రత్త చెబుతాను. ఉదయం లేవగానే కీళ్ళు పట్టేయడం గంటకు పైగా ఉంటున్నా, వాపు మళ్ళీ కనిపించినా రుమటాలజిస్టుకు చూపించాలి. ఊళ్ళోని ఆర్‌ఎంపీ దగ్గర నొప్పుల ఇంజెక్షన్లు, పేరు తెలియని స్టెరాయిడ్ బిళ్ళలు వాడుకుంటూ కాలం గడపకూడదు, ఆ వయసులో అవి మూత్రపిండాలకూ, ఎముకలకూ, షుగరుకూ చేటు చేస్తాయి.

ఇద్దరికీ వైరస్ వచ్చింది, ఇద్దరూ ఒకే మెట్లెక్కి ఒకే గదిలో చికిత్స తీసుకున్నారు, అంతవరకే పోలిక. ఆమె కీళ్ళలో సమస్య ఉంది, శక్తి తయారయ్యే చోట లేదు. ఆమెకు వ్యాయామం తర్వాత వచ్చిన నొప్పి రాత్రికో, మర్నాటికో తగ్గి, వారం గడిచేసరికి మొత్తం మీద కదలిక మెరుగై ఉంటుంది. మీకు వారం గడిచేసరికి చేయగలిగిన పని తగ్గుతోంది. "ఆమె చేసింది, నువ్వు చేయలేవా" అన్నవారికి ఈ పేరా చదివి వినిపించండి. మోకాలు విరిగినవాడికీ, మలేరియా వచ్చినవాడికీ పోటీ పెట్టే ఇల్లు ఉండదు గదా.

మీ ఉత్తరంలో ఇంకొక విషయం దాగి ఉంది. నిలబడి పాఠం చెబుతున్నప్పుడు దడ, కళ్ళు తిరగడం వస్తున్నాయని రాశారు, ఈసీజీ బాగుందనీ రాశారు. ఈసీజీని పడుకోబెట్టి తీస్తారు. నిలబడితే తప్ప బయటపడని ఇబ్బంది అందులో కనిపించదు. మనం లేచి నిలబడగానే రక్తం కాళ్ళలోకి, పొట్టలోకి దిగుతుంది. మన ప్రమేయం లేకుండా పనిచేసే నాడీవ్యవస్థ వెంటనే రక్తనాళాలను బిగించి దాన్ని పైకి పంపుతుంది. కొన్ని వైరస్ జ్వరాల తర్వాత ఈ ఏర్పాటు సరిగా పనిచేయక, ఆ లోటు పూడ్చడానికి గుండె పరుగెత్తుతుంది. పడుకుని ఉన్నప్పటి కంటే నిలబడిన పది నిమిషాల లోపు నాడి నిమిషానికి 30 సార్లకు పైగా పెరిగి అలాగే నిలిచి, రక్తపోటు పడిపోకుండా ఉండి, ఈ బాధలు మూడు నెలలకు పైగా సాగుతూ, వాటికి వేరే కారణమేదీ దొరకకపోతే పాట్స్ అనే సమస్యను అనుమానిస్తారు. రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, ఒంట్లో నీరు తగ్గడం కూడా ఇలాగే కనిపిస్తాయి కాబట్టి ముందు వాటిని తోసిపుచ్చాలి. రక్తపరీక్షలు బాగున్నాయన్నారు గానీ ఏవి చేశారో రాయలేదు. హిమోగ్లోబిన్‌తో పాటు ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), థైరాయిడ్, షుగర్, బి12, విటమిన్ డి ఉన్నాయో లేదో చూసుకోండి. గుండె దడ ఉంది కాబట్టి ట్రెడ్‌మిల్ ఎక్కించే ముందే ఎకో (గుండె స్కానింగ్) కూడా చేయించి ఉండవలసింది. ఇప్పుడైనా చేయించండి. కోవిడ్ సమయంలో మీకు స్టెరాయిడ్లు ఇచ్చి ఉంటే, తుంటిలోనో గజ్జల్లోనో నొప్పి ఉంటే ఆ సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి.

నిలబడే పరీక్షను మీ థెరపిస్టు తన గదిలోనే చేయగలరు. ఇంట్లో చేసుకోవాలంటే పక్కన ఒక మనిషి ఉండాలి. 2021లో కొని బీరువాలో పడేసిన పల్స్ ఆక్సీమీటరు చాలా ఇళ్ళల్లో ఉంటుంది, మీ ఇంట్లో ఉంటే దానికి కొత్త బ్యాటరీలు వేయండి. పది నిమిషాలు పడుకుని నాడి రాసుకున్నాక, లేచి గోడకు వీపు ఆనించి, మాట్లాడకుండా, కాళ్ళు కదపకుండా నిలబడి, నిమిషానికి ఒకసారి చొప్పున పది నిమిషాలు రాయండి. తల తిరిగితే వెంటనే కూర్చోండి, పూర్తి చేయాలన్న పట్టుదల వద్దు. గోళ్ళరంగు ఉన్నా, వేళ్ళు చల్లగా ఉన్నా యంత్రం తప్పు చూపుతుందని, చర్మం రంగు ముదురుగా ఉన్నవారిలో ఆక్సిజన్‌ను ఉన్నదానికంటే కొంచెం ఎక్కువ చూపే అవకాశం ఉందని గుర్తుంచుకోండి. కుర్చీలోంచి నిమిషం పాటు లేచి కూర్చుంటూ ఆక్సిజన్ 3 శాతం పడిపోతుందేమో చూసే పరీక్ష ఒకటుంది. అది వైద్యుల సమక్షంలోనే చేయాలి, మీలాంటి వారిని ఆ ఒక్క నిమిషమే రెండు రోజులు పడుకోబెట్టవచ్చు.

పరీక్షలు పూర్తయ్యే లోపల మొదలుపెట్టవలసిన పని ఒక నోటు పుస్తకం. ఉదయం లేవకముందు నాడి ఎంత ఉంది, పగలు ఏమేం చేశారు, రాత్రి ఎలా ఉంది అన్నవి రోజుకు నాలుగు వరుసల్లో రాయండి. చదివేటప్పుడు మాత్రం ఈరోజు బాధకు ఈరోజు పనిలో కాకుండా నిన్నటి, మొన్నటి పనుల్లో కారణం వెతకండి. రెండు మూడు వారాలకు మీ పరిమితి ఎక్కడుందో మీకే కనిపిస్తుంది. అరగంట నిలబడి వంట చేసిన రోజు తర్వాత ఏమీ కాలేదు, వంటతో పాటు తలస్నానం చేసి బట్టలు కూడా ఆరేసిన రోజు తర్వాత పడిపోయారు అనుకుందాం. అప్పుడు మీ పరిమితి ఆ రెండింటి మధ్యన ఉంది, మీరు బతకవలసింది మొదటిదాని కంటే కొంచెం లోపల. దీన్నే పేసింగ్ అంటారు. బాగున్నానని అనిపించిన రోజునే పేసింగ్ చెడిపోతుంది. వారం రోజులుగా ఆగిపోయిన పనులన్నీ ఆ ఒక్కరోజే పూర్తిచేయాలని నడుం బిగిస్తారు, మూడో రోజుకు మళ్ళీ మొదటికి వస్తారు. ఇల్లాళ్ళు, అందులోనూ ఉద్యోగం చేసే ఇల్లాళ్ళు, నా దగ్గరకు వచ్చేవారిలో ఈ చక్రంలో ఎక్కువగా చిక్కుకుంటారు. విశ్రాంతిని సంపాదించుకోవలసిన బహుమతిగా చూడటం మనకు చిన్నప్పటి నుంచి అలవాటు చేశారు. మీ విషయంలో విశ్రాంతి పని తర్వాత కాదు, పనికి ముందూ, పని మధ్యలోనూ రావాలి. అలసట తెలిసే వరకూ ఆగితే ఆలస్యమైనట్టే.

కొందరు థెరపిస్టులు దీనికి నాడినే కొలమానంగా వాడతారు. ప్రశాంతంగా ఉన్నప్పటి నాడికి 15 కలిపి, ఆ అంకె దాటినప్పుడల్లా కూర్చోమంటారు. ఉదయం మీ నాడి 78 అయితే 93 దగ్గర ఆగాలన్నమాట. పాట్స్ ఉంటే నిలబడగానే అది దాటిపోతుంది కాబట్టి ఈ పద్ధతి అందరికీ కుదరదు, కుదిరినవారికి మాత్రం మనసు చెప్పే అబద్ధాల నుంచి కాపాడుతుంది. దానితో పాటు పనుల తీరు మార్చండి. వంటగట్టు దగ్గర ఎత్తు స్టూలు వేసుకోండి, కూరగాయలు కూర్చుని తరగండి, కుర్చీ మీద కూర్చుని స్నానం చేయండి, వేణ్ణీళ్ళు మరీ వేడిగా వద్దు. క్లినిక్‌కు బస్సులో వెళ్ళి రావడం కూడా శ్రమే అన్నది చికిత్స చేసేవారు తరచూ మరిచిపోతారు. వారానికి మూడు ప్రయాణాలు మానేసి, రెండు వారాలకొకసారి నేరుగా, మధ్యలో వీడియో కాల్‌లో చూడమని మీ థెరపిస్టును అడగండి.

వ్యాయామం అసలు వద్దా అంటే, వద్దనడం లేదు. రోజంతా పడుకునే ఉంటే కండరాలు నిజంగానే కరుగుతాయి, కాళ్ళలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంటుంది, నిలబడితే కళ్ళు తిరగడం మరింత పెరుగుతుంది. శ్వాస దగ్గర మొదలుపెట్టండి. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళ కింద దిండు పెట్టుకుని, ఒక చెయ్యి పొట్ట మీద ఉంచి, ముక్కుతో మెల్లగా పీల్చి, పీల్చినదానికంటే ఎక్కువసేపు వదలండి. ఐదు నిమిషాలు చాలు. ఇంట్లో ఎవరో ఒకరు కపాలభాతి చేయమని చెప్పే ఉంటారు. వేగంగా ఊపిరి వదిలే కపాలభాతి, భస్త్రిక మీకు ఇప్పుడు పనికిరావు, బిగబట్టకుండా మెల్లగా చేసే అనులోమ విలోమం ఒంటికి పడితే చేయవచ్చు. ఆ తర్వాత పడుకునే పాదాలు పైకీ కిందికీ ఆడించడం, మడమను జరుపుతూ మోకాలు మడిచి చాచడం, పిరుదులను కొద్దిగా పైకెత్తి దించడం, ఒక్కొక్కటి నాలుగైదు సార్లు మాత్రమే. చేశాక రెండు పూర్తి రోజులు గమనించండి, ఏమీ కాకపోతే మళ్ళీ అంతే చేయండి. పెంచాలన్న ఆలోచన రెండు వారాలు నిలకడగా ఉన్నాకే రావాలి, పెంచేటప్పుడు కూడా ఒక్కదాన్నే, ఒకటి రెండు సార్లు మాత్రమే. క్యాలెండరు చూసి కాదు, నోటు పుస్తకం చూసి పెంచాలి. పడుకుని చేసేవి ఒంటికి పడ్డాక కూర్చుని, అవి పడ్డాక నిలబడి చేసేవాటికి వెళ్ళాలి. మధ్యలో జ్వరమో, జలుబో, నెలసరి ముందు నీరసమో వస్తే రెండు మెట్లు కిందికి దిగడం తప్పు కాదు.

పాట్స్ అని తేలితే దానికి వేరే సహాయం ఉంది. రోజుకు రెండు నుంచి మూడు లీటర్ల నీళ్ళు, లేచేముందు పిక్కలు బిగించి వదలడం, నడుము వరకు వచ్చే బిగుతు మేజోళ్ళు, ఒకేసారి కడుపునిండా కాకుండా కొంచెం కొంచెంగా తినడం మొదట ప్రయత్నించవలసినవి. ఉప్పు పెంచమని కూడా చెబుతారు గానీ, బీపీ, మూత్రపిండాల సంగతి చూసిన డాక్టరు చెబితే తప్ప మీ అంతట మీరు పెంచకండి. గుండె వేగాన్ని తగ్గించే మందులు కొందరికి అవసరమవుతాయి, ఆ నిర్ణయం కార్డియాలజిస్టుది. పాట్స్ ఒక్కటే ఉన్నవారికి పడుకుని, కూర్చుని చేసే వ్యాయామాలను నెలల తరబడి పెంచుకుంటూ పోవడం మంచి చికిత్స. పీఈఎం కూడా ఉంటే అలా లెక్క ప్రకారం పెంచుకుంటూ పోకూడదు, ఎప్పుడు పెంచాలో, ఎంత పెంచాలో మీ ఒళ్ళు నిర్ణయిస్తుంది.

ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, కదలకుండా కూర్చున్నా ఆక్సిజన్ 94 కంటే తగ్గడం, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టడం, ముఖమో ఒకవైపు చేయో కాలో ఉన్నట్టుండి పడిపోవడం వంటివి కనిపిస్తే ఈ సలహాలన్నీ పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

థెరపిస్టును మార్చాలా అని మీరు అడగలేదు గానీ, ఆ ఆలోచన వచ్చే ఉంటుంది. ముందు నోటు పుస్తకం తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టండి. "మూడో రోజు ఎలా ఉన్నారు" అని అడగడం మొదలుపెడితే ఆయన దగ్గరే ఉండండి, మీ అత్తమ్మను బాగుచేసిన చేతులు పనికిరానివి కావు. పుస్తకం తెరవకుండానే ట్రెడ్‌మిల్ స్విచ్ వేస్తే మరొకరిని వెతుక్కోండి. కరెంటు పెట్టే యంత్రాల మీద డబ్బు పెట్టకండి, మీ సమస్యకు వాటితో పని లేదు.

జూన్ సంగతి. బడి తెరిచేనాటికి మునుపటిలా ఆరు పీరియడ్లు నిలబడి చెప్పగలరని నేను మాట ఇవ్వలేను, ఇచ్చేవారిని నమ్మకండి. నెలల మీద మెరుగయ్యేవారు చాలామంది ఉన్నారు, ఏడాది దాటేవారూ ఉన్నారు. వేసవి సెలవులను బంధువుల ఊళ్ళకు తిరగడానికి కాకుండా ఈ పద్ధతి కుదుర్చుకోవడానికి వాడుకుంటే మీ అవకాశాలు పెరుగుతాయి. మే నెలాఖరుకు నోటు పుస్తకంలో వరుసగా రెండు వారాలు మంచం పట్టకుండా ఉన్నారో లేదో చూడండి. ఉంటే, ప్రధానోపాధ్యాయులను కలిసి వరుసగా రెండు పీరియడ్లు రాకుండా టైంటేబుల్ వేయమని, తరగతి గది కింది అంతస్తులో ఇవ్వమని, బోర్డు దగ్గర కుర్చీ వేయించమని, ప్రార్థన సమయంలో ఎండలో నిలబడటం నుంచి మినహాయించమని డాక్టరు రాసిచ్చిన కాగితంతో అడగండి. లేకపోతే మెడికల్ లీవుకు దరఖాస్తు చేసుకోండి. సగం జీతపు సెలవులు, కమ్యుటేషన్ లెక్కలు మీకు నాకంటే బాగా తెలుసు. బడికి వెళ్ళడం మొదలుపెట్టిన మొదటి నెలలో ఇంట్లో వ్యాయామం పెంచకండి, పాఠాలే ఆ నెల వ్యాయామం. పిల్లల మధ్య ఉంటారు కాబట్టి జలుబు, జ్వరాల కాలంలో మాస్కు వాడండి, రెండోసారి కోవిడ్ సోకితే సాధించినది చేజారవచ్చు. నిలబడే పరీక్ష అంకెలు, ఎకో రిపోర్టు వచ్చాక వాటితో పాటు నోటు పుస్తకంలోని రెండు వారాల పేజీలు నకలు తీసి పంపితే, పడుకుని చేసే వ్యాయామాల నుంచి కూర్చుని చేసేవాటికి ఎప్పుడు మారవచ్చో వివరంగా రాస్తాను.